షుగర్ కంట్రోల్‌కి డబ్బు: దేనికివ్వాలో తేల్చిన ఒక కేసు

ఆదాయం తక్కువున్న షుగర్ పేషెంట్లకు చికిత్స మధ్యలో ఆగిపోకుండా డబ్బు రూపంలో ప్రోత్సాహకం ఇవ్వొచ్చా, ఇస్తే ఏ పనికి ఇవ్వాలి అన్న చర్చ మా క్లినిక్‌లో చాలాకాలంగా నడుస్తోంది. దాతలిచ్చిన చిన్న నిధితో ఒక పథకం మొదలుపెట్టాం. అందులో చేరిన ఒక పేషెంట్ కేసు ఇది. ఆమె వల్ల పథకం రూపమే మారిపోయింది కాబట్టి, ప్రతి నిర్ణయం వెనక ఏం ఆలోచించామో వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఇచ్చిన మొత్తాలను ఆమె రోజు కూలీతో పోల్చి చెబుతాను, ఎందుకంటే ఆమె సంపాదనలో అది ఎంత భాగం అన్నది తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది.

నేపథ్యం

యాభై దాటిన మహిళ. టైప్ 2 డయాబెటిస్ బయటపడి ఎనిమిదేళ్ళు దాటింది. శుభ్రం చేసే పని, రోజు కూలీ. పనికి వెళ్ళిన రోజే డబ్బు. ఆమె సంపాదన మీద ఇంట్లో ఇంకో ఇద్దరు ఆధారపడి ఉన్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్రలు రాసి ఉన్నాయి. కిడ్నీ పరీక్షలు బాగున్నాయి. రెటీనా మీద తొలి దశ మార్పులు కనిపిస్తున్నాయి. రాత్రిళ్ళు అరికాళ్ళ మంటలు. కొన్ని నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 10.8 శాతం.

ఆమె ఫైలు లావుగా ఉంటుంది. తిరగేస్తే చాలా పేజీల్లో ఒకటే మాట: మందులు సరిగా వాడడం లేదు, చెప్పినా రావడం లేదు. రాసిన చేతులు మారాయి, మాట మాత్రం అదే. ఎందుకు వాడడం లేదు అని అడిగినట్టు గానీ, ఆమె ఏం చెప్పిందో గానీ ఒక్క చోటా లేదు.

10.8 దగ్గర ఉన్న మనిషి 8 దగ్గరకు వచ్చినా చాలా మేలు. బ్రిటన్‌లో టైప్ 2 షుగర్ పేషెంట్ల మీద జరిగిన యూకేపీడీఎస్ అనే అధ్యయనం మీద 2000లో వచ్చిన విశ్లేషణలో, హెచ్‌బీఏ1సీ ఒక శాతం తక్కువగా ఉన్నవాళ్ళలో కళ్ళు, కిడ్నీల వంటి చోట్ల చిన్న రక్తనాళాలు దెబ్బతినే ముప్పు 37 శాతం తక్కువగా కనిపించింది. అప్పటికే కళ్ళలో మార్పు మొదలైన మనిషి విషయంలో ఇది వాయిదా వేసే సంగతి కాదు.

అసలు ఇబ్బంది ఏమిటి

పైకి కనిపించేది రెండు సంగతులు. అపాయింట్‌మెంట్ రోజున రాదు. మందులు అయిపోయాక వారాల తరబడి తీసుకోదు. మా క్లినిక్‌లో డాక్టరుకు చూపించుకోవడం ఉచితం, మందులు ఉచితం. అందుకే మా సిబ్బందిలో చాలామందికి ఆమె మీద విసుగు ఉండేది. అన్నీ ఉచితంగా ఇస్తుంటే రావడానికేం అనేవాళ్ళు.

పథకం మొదలుపెట్టే ముందు మా హెల్త్ వర్కర్ ఒక పేషెంట్ పక్కనే కూర్చుని, ఓపీకి వచ్చి వెళ్ళడానికి ఎంత సమయం పడుతుందో చూసింది. చీటీ రాయించుకోవడం, రక్తం ఇవ్వడం, డాక్టరు పిలుపు, మందుల కౌంటర్ దగ్గర వరస. ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. రిపోర్టు కోసం ఇంకో రోజు రావాలి. రోజు కూలీ మీద బతికే మనిషికి మా ఉచిత వైద్యం ఖరీదు రెండు రోజుల కూలీ, పైన దారి ఖర్చులు. ఈ లెక్క మా రిజిస్టర్లలో ఎక్కడా కనపడదు.

మొదటి పథకం: అంకె తగ్గితే బహుమానం

మొదట మేం ఎంచుకున్న పద్ధతి చాలా సులువైనది. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ ఒక పాయింటు తగ్గితే సుమారు వారం కూలీ అంత డబ్బు, రెండు పాయింట్లు తగ్గితే దానికి రెట్టింపు. ఇలాంటిది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికులతో చేసి చూశారు. 2012లో ప్రచురించిన ఆ ట్రయల్‌లో 118 మంది ఆఫ్రికన్ అమెరికన్ మాజీ సైనికులున్నారు. ఆరు నెలల్లో ఒక పాయింటు తగ్గించుకుంటే 100 డాలర్లు, రెండు పాయింట్లు తగ్గినా 6.5కి చేరినా 200 డాలర్లు. డబ్బు ఇస్తామన్న గ్రూపులో సగటు 9.5 నుంచి 9.1కి వచ్చింది. మామూలు చికిత్సలో ఉన్నవాళ్ళు 9.9 నుంచి 9.8 దగ్గరే ఆగారు. షుగర్‌ను అదుపులో పెట్టుకున్న తోటి పేషెంట్ ఒకరు తరచూ మాట్లాడుతూ తోడున్న గ్రూపు మాత్రం 9.8 నుంచి 8.7కి దిగింది.

ఆ ట్రయల్‌లో డబ్బు పెద్దగా పని చేయలేదని తెలిసీ మేం అదే దారిలో ఎందుకు వెళ్ళాం? కారణాలు లేకపోలేదు. ఫలితం ఒకే అంకెలో తేలుతుంది, లెక్క చూపడం తేలిక. ఫలితం వచ్చిన చోటే ఖర్చు పెడుతున్నామని దాతలకు నమ్మకంగా చెప్పొచ్చు. పైగా మా పేషెంట్ల సంపాదనతో పోలిస్తే మేం ఇచ్చేది చాలా పెద్ద మొత్తం కాబట్టి ప్రభావం ఎక్కువ ఉంటుందనుకున్నాం.

మూడు నెలల తర్వాత ఆమె చెప్పిన రోజుకే వచ్చింది. అప్పటిదాకా ఎప్పుడూ అలా రాలేదు. హెచ్‌బీఏ1సీ 10.6. అంత చిన్న తేడా ల్యాబ్ కొలతలోనే రావొచ్చు. అంటే ఏమీ మారలేదు.

అసలు విషయం రక్తం తీస్తున్నప్పుడు బయటపడింది. చేయి వణుకుతుంటే నర్సు అడిగింది. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి ఆమె దాదాపు ఏమీ తినలేదు. రోజూ వేసుకోని మాత్రలు మాత్రం ఆ రెండు రోజులూ పూర్తిగా వేసుకుంది. ముందు రోజు పని చేసే చోట ఒళ్ళంతా చెమటలు పట్టి, కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూలబడింది. పక్కనున్నామె నోట్లో చక్కెర పోసింది. ఇదంతా ఆ వారం కూలీ డబ్బు కోసం.

హెచ్‌బీఏ1సీ రెండు రోజుల ఉపవాసానికి దిగేది కాదు. ఎర్రరక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. ఈ పరీక్ష చూపేది గడిచిన రెండు మూడు నెలల సగటు. ఆ సంగతి ఆమెకు తెలియదు. పరీక్ష రోజున షుగర్ తక్కువ ఉంటే డబ్బు వస్తుందని అర్థం చేసుకుంది. బోర్డు మీద మేం రాసినదాన్ని చదివితే ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారు. అంకెకు డబ్బు కడితే మనిషి అంకె వెంట పడతాడు. గ్లిమెపిరైడ్ లాంటి మందు వాడే మనిషి తిండి మానేసి అంకె వెంట పడితే ప్రాణం మీదికి వస్తుంది. అదే రోజు ఈ పద్ధతిని అందరికీ ఆపేశాం. చేరేటప్పుడు మాటిచ్చిన మేరకు, అప్పటికే పరీక్షకు వచ్చినవాళ్ళెవరికీ డబ్బు విషయంలో అన్యాయం జరగకుండా చూశాం.

ఆమె చెప్పిన కారణం

ఆ రోజు ఓపీ అయ్యాక ఆమెతో తీరిగ్గా మాట్లాడాను. మాత్రలు రోజూ ఎందుకు వేసుకోవడం లేదమ్మా అని అడిగితే మొదట తల దించుకుంది. తర్వాత చెప్పింది:

“ఆ మాత్ర వేసుకుని తినకపోతే కళ్ళు తిరుగుతాయి డాక్టరు గారూ. ఒకసారి పనిలో పడిపోయాను. మళ్ళీ పడిపోతే ఇక పనికి పిలవరు. అందుకే కడుపు నిండా తిండి ఉన్న రోజే వేసుకుంటాను.”

ఫైలంతా నిర్లక్ష్యం అని రాసి ఉన్న చోట ఇంత జాగ్రత్త ఉంది. గ్లిమెపిరైడ్ తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. కాబట్టి తిండి లేని రోజున ఆ మాత్ర మానేయడం సరైన పనే. ఆమె అనుభవంతో తెలుసుకుని తనను తాను కాపాడుకుంటోంది. ఇది ఆమె ఒక్కదాని కథ కూడా కాదు. కాలిఫోర్నియా ఆసుపత్రుల లెక్కలతో 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు లో షుగర్‌తో ఆసుపత్రిలో చేరడం నెల మొదటి వారంతో పోలిస్తే చివరి వారంలో 27 శాతం ఎక్కువ. ఆదాయం ఎక్కువున్నవాళ్ళలో ఆ తేడా కనపడలేదు. నెలాఖరుకి చేతిలో డబ్బులు అయిపోతాయి, తిండి తగ్గుతుంది, మాత్ర డోసు మాత్రం అంతే ఉంటుంది.

ఇక్కడ నా ముందున్న ప్రశ్న మారిపోయింది. ఆ మాత్ర వేసుకునేలా డబ్బు ఆశ చూపించడం అంటే, ఆమెకు ప్రమాదమని తెలిసిన పనిని డబ్బిచ్చి చేయించడం. ముందు మందు మార్చాలి.

మందు మార్చిన తీరు

గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపాను. మామూలు మెట్‌ఫార్మిన్‌తో కడుపులో తిప్పుతోందని చెప్పింది కాబట్టి నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చి, డోసు మెల్లగా పెంచుకుంటూ వెళ్ళాను. దానికి సిటాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ మాత్ర కలిపాను. ఈ రెండూ కలిపి వాడినా షుగర్ మరీ పడిపోయే అవకాశం చాలా తక్కువ. ఒక పూట తిండి తప్పినా భయపడక్కర్లేదు.

హెచ్‌బీఏ1సీ 10 దాటినప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టాలా అని ఆలోచించాల్సిందే, ఆలోచించాను. బరువు తగ్గడం లేదు, కీటోన్లు (ఇన్సులిన్ బాగా తక్కువైతే ఒంట్లో పెరిగే పదార్థాలు) లేవు, అతిగా దాహం లేదు. తిండికి గ్యారంటీ లేని ఇంట్లో ఇన్సులిన్ మొదలుపెడితే ఆమె భయపడుతున్న ప్రమాదాన్నే ఇంకో రూపంలో ఇచ్చినట్టవుతుంది. మాత్రలు నిజంగా రోజూ వాడితే ఎంత తగ్గుతుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు కూడా. కాబట్టి కొన్ని వారాలు దగ్గరుండి గమనించి, తగ్గకపోతే ఇన్సులిన్ అని ఆమెకు ముందే చెప్పాను. లక్ష్యం 7 అని పట్టుబట్టలేదు. 8 లోపు వస్తే ప్రస్తుతానికి చాలనుకున్నాం.

దగ్గరుండి గమనించాలంటే ఆమె తరచూ రావాలి. డబ్బు అవసరం అక్కడ మళ్ళీ వచ్చింది.

రెండో రూపం: పోయిన కూలీ తిరిగివ్వడం

ఈసారి డబ్బును రెండు భాగాలుగా విడదీశాం. ఒకటి, క్లినిక్‌కి వచ్చిన రోజున పోయిన కూలీలో సగం, దారి ఖర్చు. వచ్చిన వెంటనే, అదే రోజు, చేతికి నగదు. షుగర్ ఎంతున్నా దీనికి సంబంధం లేదు. రెండోది, ఇంట్లో గ్లూకోమీటర్‌తో షుగర్ చూసుకుంటే చిన్న బహుమానం. మీటర్, స్ట్రిప్స్ మేమే ఇచ్చాం. రీడింగ్ ఎంత వచ్చినా ఇచ్చేది ఒకటే.

కూలీ మొత్తం ఎందుకివ్వలేదంటే, అలా ఇస్తే ఆరోగ్యం బాగున్నా రావాలనిపించే పరిస్థితి వస్తుందని మా టీమ్‌లో కొందరు వాదించారు. నాకు ఆ భయం అంతగా లేదు. మా వరసలో సరదాకి ఎవరూ నిలబడరు. అయినా నిధి చిన్నది కాబట్టి సగానికి ఒప్పుకున్నాను.

లాటరీ పెడదామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. తక్కువ ఖర్చుతో ఎక్కువమందిని రప్పించొచ్చని దాని వెనక ఆలోచన. నేను వద్దన్నాను. లండన్‌లో, రెండేళ్ళకు పైగా కంటి పరీక్షకు రాని 1051 మంది షుగర్ పేషెంట్లతో చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. మామూలు ఆహ్వానం అందుకున్నవాళ్ళలో 7.8 శాతం వచ్చారు. వస్తే 10 పౌండ్లు ఇస్తామన్నవాళ్ళలో 5.5 శాతమే వచ్చారు. 1000 పౌండ్ల లాటరీ అన్నవాళ్ళలో 3.3 శాతం. డబ్బు పేరెత్తితే రాక పెరగలేదు సరికదా తగ్గింది. పైగా నెలాఖరుకి ఏం తినాలో తెలియని మనిషికి రావొచ్చు, రాకపోవచ్చు అనే డబ్బు ఇంకో టెన్షన్.

ముందే డబ్బు ఖాతాలో వేసి, రాకపోతే కోత పెడదామన్నారు ఇంకొకరు. వచ్చే లాభం కంటే చేతిలోంచి పోయే నష్టం మనిషికి ఎక్కువ బాధ కలిగిస్తుందని 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు చెప్పిన సిద్ధాంతం దీనికి ఆధారం. కాగితం మీద ఇది బలమైన పద్ధతే. అయితే పేదవాళ్ళ చేతిలో పెట్టిన డబ్బును తిరిగి లాక్కునే చోటికి వాళ్ళు నమ్మకంతో రారు. మాకు ఆమె నమ్మకమే కావాలి. అందుకే వద్దనుకున్నాం.

తప్పుడు రీడింగులు

ఆమె రావడం మొదలైంది. మందులు అయిపోకముందే వచ్చేది. కానీ ఇంట్లో రాసుకొచ్చిన నోటు పుస్తకం చూస్తే అనుమానం వచ్చింది. పరగడుపున 120, 110, 130, 120. అన్నీ సున్నాతో ముగిసే అంకెలే. అంతా ఒకే సిరా, ఒకే వాలు, ఒకే కూర్చోవడంలో రాసినట్టు. మీటర్ మెమరీలో మూడు నాలుగే రీడింగులున్నాయి, ఒక్కటీ 200 లోపు లేదు.

పథకం నుంచి తీసేయాలని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. అంకె తగ్గితేనే డబ్బన్నది మేమే. పద్ధతి మార్చామని నోటితో చెప్పినంత మాత్రాన ఆ మాట ఆమె మనసులోంచి ఒక్క రోజులో పోదు. ఎనిమిదేళ్ళుగా ఎక్కువ అంకె వచ్చినప్పుడల్లా మందలింపే విన్నది. మా హెల్త్ వర్కర్ ఆమె పక్కన కూర్చుని, నోటు పుస్తకం మూసి పక్కన పెట్టి, మీటర్ మెమరీలో ఉన్న 262 అన్న రీడింగ్ చూపించి, “ఇది చూశారు కాబట్టి ఇదిగో దీని డబ్బు” అని ఆ చిన్న మొత్తం చేతిలో పెట్టింది. ఆమె కాసేపు ఆ డబ్బు వైపు, హెల్త్ వర్కర్ వైపు మార్చి మార్చి చూసింది. “ఎక్కువున్నా ఇస్తారా?” అని అడిగింది.

నోటు పుస్తకం అక్కడితో ఆపేశాం. వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి మీటర్ చూసేవాళ్ళు. తర్వాతి వారాల్లో మెమరీ నిండింది. 231, 188, 204. అసలు రీడింగులు రావడంతో డోసు సర్దడం నాకు మొదటిసారి సాధ్యమైంది.

నెలాఖరు డబ్బు

ప్రోత్సాహకం వెంటనే చేతికందితేనే పని చేస్తుందని పుస్తకాలు చెబుతాయి. రీడింగుల డబ్బు కూడా వచ్చిన ప్రతిసారీ ఇచ్చేవాళ్ళం. ఆమే ఒకరోజు అడిగింది, అదంతా కూడబెట్టి నెల చివరి వారంలో ఒకేసారి ఇవ్వమని. మొదట్లో ఇస్తే ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుందట. చివరి వారంలో చేతికి వస్తే తిండికి పనికొస్తుందట. సిద్ధాంతానికి ఎదురు వెళ్ళే కోరికే అయినా, ఆమె ఇంటి లెక్క ఆమెకే బాగా తెలుసు. దారి ఖర్చు, కూలీ భాగం అదే రోజు, రీడింగుల బహుమానం నెలాఖరున అని మార్చాం. పథకంలో ఉన్న మిగతావాళ్ళను అడిగితే చాలామంది అదే కోరుకున్నారు.

వోచర్లు ఇవ్వమని దాతలు సూచించారు. డబ్బు దుర్వినియోగం కాకూడదని వాళ్ళ ఆలోచన. ఆమె ఆ డబ్బుతో ఒక నెల పాత అప్పులో కొంత తీర్చింది. ఆ నెల ఆమె షుగర్ రీడింగులు అంతకుముందు కంటే బాగున్నాయి. అప్పులవాళ్ళ ఫోన్లు తగ్గాక నిద్ర పడుతోందని చెప్పింది. దీన్ని దుర్వినియోగం అని నేను అనలేను. నగదే కొనసాగించాం.

ఫలితం, బహుమానం ఆపిన తర్వాత

కొత్త మందులు మొదలైన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 8.9, ఆరు నెలలకు 7.9. ఇన్సులిన్ అవసరం రాలేదు. షుగర్ పడిపోవడం మళ్ళీ జరగలేదు. ఈ తగ్గుదలలో పెద్ద వాటా మందు మార్పుదే అని నా అంచనా. డబ్బు చేసిన పని, ఆ మందు సర్దడానికి సరిపడినన్ని సార్లు ఆమెను ఓపీకి రానివ్వడం.

ఆరు నెలలయ్యాక రీడింగుల బహుమానం ఎలా ఆపాలన్నది కష్టమైన నిర్ణయం. డబ్బు తీసుకుని చేసిన పని, డబ్బు ఆగాక మనిషి చేయడానికి ఇష్టపడకపోవచ్చు. 1971లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ పజిల్స్‌తో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. పజిల్ విప్పినందుకు డబ్బు తీసుకున్న విద్యార్థులు, డబ్బు ఆపేశాక వాటి మీద అంతకుముందు కంటే తక్కువ సమయం గడిపారు. వేలికి సూది గుచ్చుకోవడం పజిల్ లాంటి సరదా కాదు, పోగొట్టుకోవడానికి అక్కడ మొదటి నుంచీ ఇష్టమేమీ లేదు. అందుకే ఆ భయం ఇక్కడ కొంత తక్కువే అనుకున్నాను. అయినా ఒక్కసారిగా ఆపకుండా, రోజువారీ రీడింగులను వారానికి కొన్నిటికి తగ్గిస్తూ, బహుమానాన్ని కూడా దానికి తగ్గట్టే తగ్గించాం. అప్పటికి మాత్రలు మాత్రమే వాడుతోంది కాబట్టి రోజూ చూసుకోవాల్సిన అవసరమూ లేదు.

దారి ఖర్చు, కూలీ భాగం మాత్రం ఆపలేదు. దాన్ని ఎప్పుడు ఆపుతారని దాతల కమిటీ అడిగింది. అలవాటు పడ్డాక ప్రోత్సాహకం తీసేయొచ్చు. కానీ ఓపీకి వచ్చిన రోజున కూలీ పోవడం అలవాటుతో తగ్గేది కాదు, ఎన్నేళ్ళయినా పోతూనే ఉంటుంది. అది బహుమానం కాదు, చికిత్స ఖర్చు అని వాళ్ళకు రాసి ఇచ్చాను. బహుమానం పూర్తిగా ఆగిన తర్వాత చేసిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ 8.2. కొంచెం పెరిగింది, మొదటి స్థాయికి దరిదాపుల్లో కూడా లేదు.

మిగతా పేషెంట్ల విషయంలో మార్చినవి

షుగర్ ఎప్పుడూ అదుపులో ఉంచుకునే ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. “నేను బాగా చూసుకుంటున్నందుకు నాకు ఏమీ లేదా?” అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. ఆయనకూ ఓపీ రోజున కూలీ పోతోంది. రాక ఖర్చు ఇప్పుడు రోజు కూలీ మీద ఆధారపడ్డ ప్రతి షుగర్ పేషెంట్‌కూ ఇస్తున్నాం, హెచ్‌బీఏ1సీతో నిమిత్తం లేకుండా. బహుమానం కొత్తగా మీటర్ అలవాటు చేసుకునేవాళ్ళకే, గడువు ముందే చెప్పి ఇస్తున్నాం.

ఎవరినైనా పథకంలో చేర్చే ముందు మందుల చీటీ చూడటం తప్పనిసరి చేశాం. షుగర్ మరీ పడిపోయేలా చేసే మందు వాడుతుంటే, గడిచిన నెలలో డబ్బు లేక పూట తిండి మానేశారా అని ముందు అడుగుతాం. అవునంటే ముందు మందు సంగతి, ఆ తర్వాతే డబ్బు సంగతి. ఫైలులో నిర్లక్ష్యం అన్న మాట రాయడం మా దగ్గర మానేశాం. దాని బదులు, పేషెంట్ చెప్పిన కారణాన్ని ఆమె లేదా ఆయన మాటల్లోనే రాయాలి.

ఇక మిగిలింది ఆ సగం కూలీ. దాన్ని ఎప్పటికీ ఇస్తూ పోవడం కంటే కూలీ పోకుండానే చూడటం మంచిదని, వారంలో ఒకరోజు పని వేళలకు ముందే షుగర్ ఓపీ తెరవాలని ప్రతిపాదించాం. డాక్టర్లు, నర్సులు ఒప్పుకున్నారు. ల్యాబ్, మందుల కౌంటర్ కూడా అదే వేళకు తెరిస్తేనే దీనివల్ల ఉపయోగం, లేకపోతే రిపోర్టు కోసం వాళ్ళు మళ్ళీ ఒక రోజు కూలీ పోగొట్టుకోవాలి. ఆ రెండు చోట్లా డ్యూటీలు సర్దే పని ఇప్పుడు నడుస్తోంది.